నాన్నగారి యాంప్లిఫయర్, ఆవిడ కంప్యూటర్, చేతిలో తొంభై వేలు

ఈసారి ఉత్తరం కోనసీమ నుంచి. రాసినాయన పేరు వెయ్యొద్దన్నారు. రాజోలు చుట్టుపక్కల ఒక ఊరు అనుకోండి చాలు. ఆరు పేజీల ఉత్తరం, అసలు సంగతి వరకు కుదించి చెబుతాను.

ఆయనకు నలభై ఏడేళ్లు, సొసైటీలో గుమాస్తా. భార్య ఇంట్లోనే డీటీపీ చేస్తారు: పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, అప్పుడప్పుడు పంచాయతీ నోటీసులు. 2014లో కొన్న డెస్క్‌టాప్, నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున్నే ఆన్ చేసి, పాలు కాచి, కాఫీ కలిపి తెచ్చుకునేసరికి తెరుచుకుంటుందట. తారీఖు రోజూ తప్పే చూపిస్తుంది. కేబినెట్ మీద చెయ్యి పడితే జివ్వుమంటుంది. సాయంత్రం రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు తిరగడం మొదలైతే ఇంట్లో లైట్లు గుడ్డివైపోతాయి.

వాళ్ల నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. పోయి రెండేళ్లయింది. ఆయన వదిలి వెళ్లినవి ఒక స్టీరియో యాంప్లిఫయర్, ఒక కేసెట్ డెక్, రెండు పెద్ద స్పీకర్లు, 84 కేసెట్లు. కేసెట్లలో సగానికి పైగా బజార్లో కొన్నవి కావు, స్టేజీ పక్కన మైకు పెట్టి ఆయన స్వయంగా రికార్డు చేసుకున్నవి. ఆయన పోయాక సెట్టు ఒక్కసారే, మొన్న దసరాకి ఆన్ చేశారు. కంప్యూటర్ నుంచి వైరు కలిపి పాట పెడితే గుయ్‌మని రొద, మౌస్ కదిపితే జిరజిర, ఎడమ స్పీకర్లో చిరచిర. వెంటనే కట్టేశారు. "ముందు లైటు కూడా వెలగట్లేదేంట్రా" అని అమ్మగారు అడిగారట.

ఇప్పుడు చీటీ ఎత్తితే చేతికి తొంభై వేలు వచ్చాయి. ఆవిడ కొత్త కంప్యూటర్ కావాలంటున్నారు. భీమవరంలో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదివే అబ్బాయి, కొంటే గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే కొనమంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడేమో "ఆ సామాను తుక్కుకి వెయ్యి, మంచి సౌండ్‌బార్ పంపిస్తా, కేసెట్లు నాకు పంపు, ఇక్కడ డిజిటల్ చేయిస్తా" అంటున్నాడు. అమ్మగారు ఆ సెట్టుని ఎవరినీ ముట్టుకోనివ్వరు, రోజూ సాయంత్రం పైటచెంగుతో దుమ్ము తుడుస్తారు. చివర ఈయన ప్రశ్న: "నాకేమీ అక్కర్లేదు. ఎవరికీ కోపం రాకుండా ఏం కొనాలో చెప్పండి."

ఎవరికీ కోపం రాని వస్తువు ఏ షాపులోనూ అమ్మరండి. ఆ ఆశ ముందు వదిలేయండి. ఇంకో మాట. "నాకేమీ అక్కర్లేదు" అని ఆరు పేజీల్లో మూడుసార్లు రాశారు. అదే ఉత్తరంలో ఆ యాంప్లిఫయర్ నాబ్ తిప్పితే చేతికి ఎలా బరువుగా తగిలేదో ముప్పావు పేజీ రాశారు. అక్కర్లేనివాళ్లు అలా రాయరు. మీకూ ఒక వాటా ఉందని ఒప్పుకుంటే లెక్క తేలిక అవుతుంది.

సరే, వస్తువుల దగ్గరికి వద్దాం. మీరు రాసిన తెగుళ్లలో రెండు ఒకే కారణంతో వస్తూ ఉండొచ్చు, ఆ కారణం కంప్యూటర్లోనూ లేదు, యాంప్లిఫయర్లోనూ లేదు, గోడలో ఉంది. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం అంటే మీ ఇంటి ప్లగ్గులో మూడో కన్నం ఉత్తుత్తిదే అయ్యుండాలి. దాని వెనకాల ఎర్త్ వైరు లేదు, లేదా ఉన్నా ఎక్కడో తెగిపోయింది. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (లోపలి కరెంటు డబ్బా) లోపల రెండు చిన్న కెపాసిటర్లు కరెంటు వైర్ల నుంచి ఇనుప డబ్బాకి కట్టి ఉంటాయి, రొద అణచడానికి. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే రవ్వంత కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద సగం ఓల్టేజీ నిలబడి ఉంటుంది, మీ చెయ్యి పడినప్పుడు మీ గుండా దారి చూసుకుంటుంది. మీరు దసరాకి ఆడియో వైరు కలిపారు కదా, అప్పుడు ఆ వైరు పైపొర గుండా యాంప్లిఫయర్లోకి పోయింది. అదే ఆ గుయ్. మీ తమ్ముడు ఫోన్లో విని "యాంప్లీ పోయింది" అనేశాడు. నేనైతే ఇంకా అనను.

మీరుండేది డెల్టా కాబట్టి ఈ ఒక్క విషయంలో అదృష్టం. రాతినేల ఊళ్లలో మంచి ఎర్త్ దొరకాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. మనకి నాలుగడుగులు తవ్వితే చెమ్మ. జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, అక్కడి నుంచి స్విచ్ బోర్డు దాకా పచ్చ వైరు లాగడం ఒక పూట పని. మా ఇంట్లో నాలుగైదు వేలలో అయిపోయింది, మీ దగ్గర కొంచెం అటూ ఇటూ. ఎలక్ట్రీషియన్‌ని ఒకటి మాత్రం గట్టిగా అడగండి, పైపు పాతి వెళ్లిపోవడం కాదు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి నిండుగా వెలగడం చూపించి వెళ్లమనండి, వీలైతే మీటరుతో కూడా కొలిపించండి. కొందరు న్యూట్రల్‌నే తెచ్చి మూడో కన్నానికి కట్టేస్తారు, బల్బు వెలుగుతుంది, మీరు సంతోషిస్తారు, ఎప్పుడో న్యూట్రల్ తెగిన రోజున డబ్బా అంతా షాక్. ఆ పని చెయ్యొద్దని ముందే చెప్పండి. అలాగే రొద తగ్గుతుందని ఎవరైనా ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టమంటే వినకండి.

ఎర్త్ వేశాక కూడా గుయ్ మిగిలితే, అప్పుడు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. టీవీ, యాంప్లిఫయర్, కంప్యూటర్ మూడూ ఒకదానికొకటి కలిసి ఉంటే భూమికి రెండు దారులు ఏర్పడి రొద తిరుగుతూనే ఉంటుంది. మీ అబ్బాయి స్నేహితుడి ల్యాప్‌టాప్ ఏదైనా తెప్పించి, చార్జర్ తీసేసి బ్యాటరీ మీద పెట్టి యాంప్లిఫయర్‌కి కలపండి. రొద మాయమైతే యాంప్లిఫయర్ నిర్దోషి. ఆ దారి తెంపడానికి మధ్యలో పెట్టే ఐసొలేటర్ అని చిన్న డబ్బా, లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఏమీ ఉండవు, కొన్ని వందలకే వస్తుంది. మౌస్ కదిపితే వచ్చే జిరజిర వేరే సంగతి, అది మదర్‌బోర్డు మీది సౌండ్ చిప్‌లోకి చొరబడే రొద. దానికి యూఎస్‌బీకి తగిలించే బయటి డాక్ (సౌండ్ చిప్ పని బయట చేసే చిన్న డబ్బా) ఒకటి కొంటే చాలావరకు పోతుంది. కానీ ఎర్త్ వెయ్యకుండా డాక్ కొంటే గుయ్ పోదు, అప్పుడు డాక్ మంచిది కాదని తిట్టుకుంటారు. వరస ముఖ్యం.

ఇక ఎడమ స్పీకరు. సెట్టు కట్టేసి, వెనకాల ఎడమ వైరు కుడికి, కుడి వైరు ఎడమకి మార్చి మళ్లీ పెట్టండి. చిరచిర కుడివైపుకి వచ్చిందా, తప్పు యాంప్లిఫయర్‌ది. ఎడమ స్పీకర్లోనే ఉండిపోయిందా, స్పీకర్‌ది. పైసా ఖర్చు లేని పరీక్ష, అయినా పదిమందిలో తొమ్మిదిమంది చెయ్యరు. నా అనుమానం స్పీకరు మీదే. స్పీకరు ముందున్న గుడ్డ తీసి చూడండి, కోన్ చుట్టూ మెత్తటి ఫోమ్ అంచు ఉంటే వేలితో తాకితే బూందీలా పొడి రాలుతుంది. పదిహేను ఇరవై ఏళ్లకు ఆ ఫోమ్ ఎక్కడైనా అంతే, మన చెమ్మలో ఇంకా ముందే. దానికి స్పీకరు పారేయక్కర్లేదు, అంచు రింగు ఒక్కటే మార్చి అతికించేవాళ్లు ఉన్నారు. రెండు స్పీకర్లకీ ఒకేసారి మార్పించండి, ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే రెండు గొంతులు రెండు రకాలుగా ఉంటాయి. అంచు రబ్బరుదైతే బాగానే ఉండొచ్చు, అప్పుడు వాయిస్ కాయిల్ (కోన్ వెనక కదిలే తీగచుట్ట) రాసుకుంటోందేమో చూడాలి. కోన్‌ని రెండు బొటనవేళ్లతో సమంగా, చాలా మెల్లగా లోపలికి నొక్కితే గరుకు తగులుతుంది.

యాంప్లిఫయర్‌ని మాత్రం మెకానిక్ ఒకసారి చూసేదాకా మళ్లీ మీరే ప్లగ్గులో పెట్టకండి, పైన చెప్పిన పరీక్షలన్నీ ఆ తర్వాతే. ఏళ్ల తరబడి పక్కనున్న సెట్టులో పెద్ద కెపాసిటర్లు నీరసించి ఉంటాయి. పాత రేడియో మెకానిక్ ఎవరైనా సరే దాన్ని మొదట సీరీస్ బల్బు మీద, అంటే కరెంటు ఒక బల్బు గుండా సెట్టుకి వెళ్లేలా పెట్టి ఆన్ చేస్తాడు, లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. "సీరీస్ బల్బు పెట్టి చూస్తారా?" అని అడగండి, మొహం చిట్లిస్తే ఇంకో కొట్టుకి వెళ్లండి. మీరు వెనకాల ఇనుప టోపీల్లాంటివి ఉన్నాయని రాశారు, అవి 2ఎన్3055లో, వాటి అన్నదమ్ములో అయ్యుంటాయి. మొండి ట్రాన్సిస్టర్లు, వాటి బదులు ఇప్పటికీ దొరుకుతాయి. ఫిల్టర్ కెపాసిటర్లు మార్చి, వాల్యూమ్ కంట్రోల్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, వెనక పిన్నులకి పట్టిన చిలుము గీకితే ఆ సెట్టు ఇంకో పదేళ్లు పాడుతుందని నా నమ్మకం. కెపాసిటర్లలో కరెంటు ప్లగ్గు పీకాక కూడా నిలవ ఉంటుంది, మీ అబ్బాయి ఉత్సాహపడి మూత విప్పకుండా చూడండి.

వాట్ల గురించి అడిగారు, సౌండ్‌బార్ డబ్బా మీద నాన్నగారి సెట్టుకి పది రెట్లు రాసి ఉందని. ఆ అంకెలు పట్టించుకోకండి. నేను పెళ్లైన కొత్తలో పీఎంపీవో 4,000 వాట్లు అని రాసిన సెట్టు కొన్నాను, వెనక్కి తిప్పి చూస్తే అది ప్లగ్గు నుంచి తీసుకునేదే 60 వాట్లు. మిగతా 3,940 ఎక్కడి నుంచి వచ్చాయో కొట్టువాడు ఈరోజుకీ చెప్పలేదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కాస్త పెరిగినట్టు ఉంటుంది. రెట్టింపు బిగ్గరగా వినిపించాలంటే పదింతల వాట్లు కావాలి. మీ నాన్నగారి సెట్టు 25 వాట్లదైనా హాలు నిండుతుంది.

ఆ హాలు గురించి కూడా ఒక మాట. పెంకుటిల్లు తీసేసి డాబా కట్టుకున్నామని, నాన్నగారు అప్పటి నుంచే "సౌండు పోయింది" అనేవారని రాశారు. ఆయన చెవి కరెక్టు. పెంకుటింట్లో ఆ ఎత్తు కప్పు, సందులు, అటక మీద సామాను ఉండేవి, శబ్దం వాటిలో ఇంకిపోయేది. డాబాలో టైల్స్ నేల, నున్నటి గోడలు, స్లాబు. హాలు మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి, వెనకాల టింగుమని తోక వినిపిస్తుంది. నేనూ ఇలాంటి గదిలో రెండుసార్లు స్పీకర్లు మార్చాను, మూడోసారి కొనబోతుంటే సంక్రాంతికి మా అత్తగారు పంపిన బొంతలు పెట్టడానికి చోటు లేక మా ఆవిడ ఆ గదిలోనే వెనక గోడ పొడుగునా పేర్చింది. సౌండు బాగుపడిపోయింది! మూడో జత కొనలేదు, బొంతలు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మీ కిటికీలకున్న నరసాపురం లేసు కర్టెన్లు చూడ్డానికి అందంగా ఉంటాయి, శబ్దాన్ని మాత్రం ఆపవు. మందం గుడ్డ, కింద పెద్ద జంపఖానా, పుస్తకాల బీరువా ఉంటే పని జరుగుతుంది. స్పీకర్లు మూలల్లోంచి రెండడుగులు ముందుకు జరపండి, మూలలో ఉంటే బేసు బురదలా ఉబ్బుతుంది.

ఇప్పుడు కేసెట్లు. ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముందు నన్ను కంగారు పెట్టింది ఇవే. కంప్యూటరు ఇవాళ కాకపోతే వచ్చే ఏడు కొనుక్కుంటారు. యాంప్లిఫయర్ కాలిపోయినా అలాంటిది ఇంకోటి ఎక్కడో దొరుకుతుంది. ఆ స్టేజీ రికార్డింగులకి రెండో కాపీ లేదు, సముద్రపు గాలి తగిలే ఊళ్లో, ఇనుప బీరువాలో, వానాకాలం తర్వాత వానాకాలం ఉన్నాయి. కాబట్టి ఇవాళ సాయంత్రమే ఒక పని చెయ్యండి, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ప్రతి కేసెట్ వీపున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి, అవి విరగ్గొట్టండి. అవి ఉన్నంతకాలం ఎవరైనా పొరపాటున రికార్డు బటన్ నొక్కితే నాన్నగారి హార్మోనియం మీద మీ ఇంట్లో కుక్కర్ కూత ఎక్కుతుంది.

తర్వాత ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి కిటికీలోంచి టేపు చుట్టని చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే అది పక్కన పెట్టండి, డెక్‌లో వెయ్యకండి, ఆ బూజు హెడ్డుకి (టేపుని చదివే ముక్కకి) అంటుకుని తర్వాత వేసే మంచి కేసెట్లకీ పాకుతుంది. బాగున్నవి ముందు ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పి అప్పుడు పెట్టండి, ఏళ్లుగా కదలని టేపు పొరలు విడిపోతాయి. హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, కొబ్బరినూనె తగలనివ్వకండి (నవ్వకండి, చేసినవాళ్లని చూశాను). డెక్ లోపల రబ్బరు బెల్టు సాగి ఉంటే స్పీడు ఊగుతుంది. పాటలో ఆ ఊగుడు చప్పున తెలియదు, హార్మోనియంలో మాత్రం దాక్కోలేదు. ఆయన ఒక స్వరం పట్టి నిలబెట్టిన చోట వినండి, స్వరం నీళ్ల మీద పడవలా పైకీ కిందికీ ఆడుతుంటే రికార్డు చెయ్యడం ఆపి బెల్టు మార్పించండి. ఊగే స్వరంతో ఎక్కించింది తర్వాత సరిచెయ్యడం చాలా కష్టం.

కేసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించడానికి కొత్త మిషన్ అక్కర్లేదు, మీ ఐ3కి అది పిల్లాట. డెక్ వెనక లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ వెనక నీలం రంగు కన్నంలోకి వైరు పెట్టండి. గులాబీ కన్నం మైక్‌ది, అందులో పెడితే గొంతు చిరిగినట్టు వస్తుంది. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టుకుని లెవెల్ కాస్త తక్కువగానే ఉంచండి, నాటకంలో ఒక్కసారిగా గర్జించే పాత్రలు ఉంటాయి కదా. 60 కేసెట్లు గంటవి, 24 గంటన్నరవి అన్నారు, అంటే మొత్తం 96 గంటలు, గంటకు ఒక జీబీ చొప్పున 100 జీబీ లోపు. కేసెట్ ఎంతసేపు ఉంటే అంతసేపు తిరగాల్సిందే, దగ్గరి దారి లేదు. రోజుకి రెండు చొప్పున ఆరు వారాలు.

మీ తమ్ముడు కేసెట్లు పంపమన్నాడు కదా. పంపొద్దు. పార్సిల్లో నలిగితే, తడిస్తే, అక్కడెవరో అన్నీ ఒకేసారి అందుకుని బూజు కేసెట్‌తో మొదలుపెడితే అంతే సంగతులు. కానీ అతని మాట సరిగ్గా వినండి. సౌండ్‌బార్ ఇస్తానన్నాడు, సామాను పారెయ్యమన్నాడు, అవన్నీ పైపైవి, అడిగింది మాత్రం కేసెట్లు. ఆయన అతనికీ నాన్నే. "ఎక్కించడం ఇక్కడే చేస్తాం, మొదటి హార్డ్ డిస్క్ నీకే" అని చెప్పి చూడండి. ఎలాగూ రెండో కాపీ వేరే ఊళ్లో ఉండటమే క్షేమం, మనకి తుపాను ఎప్పుడొస్తుందో తెలీదు.

ఇప్పుడు ఆవిడ కంప్యూటర్. ఇది ఇంట్లో సంపాదించే వస్తువు, దీన్ని "ఖర్చు" అని పిలవడం మానండి, సగం గొడవ అక్కడే ఉందనిపించింది నాకు. ఆవిడ పేజ్‌మేకర్‌లో, అంటే పేజీలు పేర్చే పాత ప్రోగ్రాంలో, అను అనే తెలుగు ఫాంట్లతో పని చేస్తారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, దానికి ఈ ఐ3 ఎక్కువే. నత్తనడకకి కారణం హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్. రెండున్నర అంగుళాల సాటా ఎస్సెస్డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) ఒకటి, ఇంకో 4 గానీ 8 గానీ డీడీఆర్3 ర్యామ్ వేస్తే కాఫీ కలపడానికి లేచే టైం కూడా ఇవ్వదు. డీడీఆర్4 కొనకండి, గాడి వేరు, కూర్చోదు. ధరలు ఈమధ్య పైకే పోతున్నాయి, రెండు చోట్ల అడగండి, అయినా రెండూ కలిపి పదివేలు దాటించకండి. విండోస్ మళ్లీ ఎక్కించమనకండి, పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఎస్సెస్డీకి క్లోన్ చెయ్యమనండి, లేకపోతే అను, పేజ్‌మేకర్, ఆవిడ పదేళ్లుగా పోగేసిన బొమ్మలు, బోర్డర్లు అన్నీ మళ్లీ మొదటికి. తారీఖు తప్పడం మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, వాచీల కొట్లో దొరుకుతుంది. ర్యామ్ తీసినప్పుడు దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దమనండి, మన గాలికి అక్కడా మసి పడుతుంది.

ఈ దారిలో ఒక లోటు ఉంది, దాచను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 మీ నాలుగో తరం ప్రాసెసర్‌ని ఒప్పుకోదు, ఇంటెల్ అయితే కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచి మాత్రమే. బలవంతంగా ఎక్కించే చిట్కాలు ఉన్నాయి, సంపాదించే మిషన్ మీద ప్రయోగాలు వద్దు. కాబట్టి పాతదే ఉంచుకుంటే దాన్ని పనికి మాత్రమే వాడాలి, బ్యాంకు పనులు ఫోన్లో చేసుకోవాలి, కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు స్కాన్ చెయ్యకుండా తెరవకూడదు. పెళ్లిళ్ల సీజన్లో రోజుకి పది పెన్‌డ్రైవ్‌లు వస్తాయంటే ఆ జాగ్రత్త ఎన్నాళ్లు నిలుస్తుందో ఆవిడకే తెలియాలి.

అది టెన్షన్ అనుకుంటే మధ్యేమార్గం ఉంది. ఆఫీసుల నుంచి వచ్చిన ఎనిమిదో తరం ఐ5 పాత మిషన్లు విజయవాడలో, హైదరాబాద్‌లో రిఫర్బిష్డ్ అని అమ్ముతారు, విండోస్ 11 నడుస్తుంది. కొనేముందు ఆవిడని తీసుకెళ్లండి, అను ఎక్కించి ఒక పెళ్లి కార్డు టైప్ చేయించి, ప్రింటు తీయించి, అప్పుడు డబ్బివ్వండి. కొత్త విండోస్‌లో పాత పేజ్‌మేకర్ పేచీ పెడితే అది కొట్లో తెలియాలి, ముహూర్తానికి రెండ్రోజుల ముందు ఇంట్లో కాదు. ఏది కొన్నా కింద లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ ఒకటి పెట్టండి, ఏరియేటర్లు లాగేసిన ఓల్టేజీని అది కొంత ఎత్తుతుంది. యాంప్లిఫయర్‌ని మాత్రం దానికి తగిలించొద్దు, బ్యాటరీ మీదకు వెళ్లాక అది ఇచ్చే మెట్లమెట్ల కరెంటుకి సెట్టు మళ్లీ గుయ్ అంటుంది.

అబ్బాయి సంగతి. వాడు పదిహేను రోజులకోసారి చించినాడ వంతెన దాటి ఇంటికొస్తాడు, రెండు రాత్రులుంటాడు. మిగతా పదమూడు రోజులు ఆ గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ ఎవరి కోసం తిరుగుతుంది? పాత డబ్బాలో పెడదామంటే ఆ ఎస్ఎంపీఎస్ మొయ్యదు, ఈ ప్రాసెసర్ దానికి ఆనదు. కొత్తది కార్డుతో సహా కొంటే తొంభై వేలూ దానికే సరి, ఎర్త్ లేని ప్లగ్గులో పెట్టిన కొత్త మిషన్ అవుతుంది, ఆవిడకి పేజ్‌మేకర్ తిరగబడితే ఇద్దరూ మిమ్మల్నే అంటారు. వాడికి చదువుకి కంప్యూటర్ కావాలన్నది నిజమే, కానీ అది హాస్టల్‌కి మోసుకెళ్లే ల్యాప్‌టాప్. సూటిగా అడగండి, ఆటలకా చదువుకా అని. ఆటలకే అంటే తప్పేం లేదు, అబద్ధం లేకుండా అడిగితే లెక్క వేరు. కేసెట్లు ఎక్కించే పనికి వాణ్ణి పిలవండి, వాడికి ఆడాసిటీ పది నిమిషాల్లో వచ్చేస్తుంది, మీకు పది రోజులు పడుతుంది.

సౌండ్‌బార్ చెడ్డదేం కాదు. అమ్మగారికి టీవీలో మాటలు స్పష్టంగా వినపడాలంటే మంచిదే, తమ్ముడు పంపితే తీసుకోండి, టీవీ కింద పెట్టండి. కానీ చాలావాటికి డెక్ కలిపే కన్నాలుండవు, లోపల బోర్డు పోతే మొత్తం మార్చమంటారు. నాన్నగారి సెట్టు స్థానంలోకి అది రాదు. పక్కన ఉండొచ్చు.

డబ్బుల లెక్క ఇలా చూస్తున్నాను. ఎర్త్, యూపీఎస్, ఎస్సెస్డీ, ర్యామ్, యాంప్లిఫయర్ రిపేరు, డెక్ బెల్టు, ఫోమ్ రింగులు, రెండు బయటి హార్డ్ డిస్కులు, అన్నీ కలిపితే మీ చేతిలో ఉన్నదాంట్లో సగం దాటకూడదు. మిగతాది అబ్బాయి ల్యాప్‌టాప్‌కి మొదటి విడత, లేదా ఆవిడ ఏడాది తర్వాత కొనే మిషన్‌కి నిలవ. రిఫర్బిష్డ్ ఇప్పుడే కొంటే ఎస్సెస్డీ, ర్యామ్ ఖర్చు ఉండదు, ల్యాప్‌టాప్ మాట ఇంకో చీటీకి వాయిదా పడుతుంది, వాడు రెండు నెలలు మూతి ముడుచుకుంటాడు. ఈ రెండింట్లో ఏదైనా నాకు సరే, ఎంచుకోవాల్సింది ఆవిడ, ఎందుకంటే రోజూ దాని ముందు కూర్చునేది ఆవిడ. ఎర్త్, కేసెట్లు మాత్రం ఏ దారిలోనైనా ముందే.

అమ్మగారికి చెప్పకుండా సెట్టుని మెకానిక్ దగ్గరికి పంపకండి. ఆవిడ గుడిలో ఉన్న టైం చూసి ఆటోలో వేసేద్దామని రాశారు, ఆ ఆలోచన మానేయండి. ముందు ఒక కేసెట్ ఎక్కించి, ఫోన్లోనైనా సరే ఆవిడకి వినిపించండి. తర్వాత అడగండి. వద్దంటే మెకానిక్‌నే ఇంటికి పిలవండి, పాలకొల్లు నుంచి పెట్రోలు ఖర్చు ఇస్తే వచ్చేవాళ్లు ఉంటారు.

అన్నట్టు, ఆ ముందు లైటు. లోపల పల్లీ గింజంత బల్బు కాలిపోయి ఉంటుంది, పెద్ద పనేం కాదు. ఈ రోజుల్లో మెకానిక్కులు దాని బదులు తెల్ల ఎల్‌ఈడీ పెట్టేస్తున్నారు, ఆ పచ్చ మూత వెనకాల అది ఆసుపత్రి లైటులా ఉంటుంది, పాత రంగు రాదు. అదే బల్బు వెతికి వెయ్యమనండి, లేదంటే పసుపు వెలుగు ఎల్‌ఈడీ పెట్టమనండి, అమ్మగారు రంగు తేడా పట్టేస్తారు.